పేరిందేవమ్మగారి బీరు లైసెన్సు

కుళాయి రోజు విడిచి రోజు వచ్చే మా ఊళ్ళో, ఎవరి బీరు వాళ్ళే ఇంట్లో కాచుకుని స్వయంసమృద్ధి సాధించాలని ప్రభుత్వం వారు నిర్ణయించారు. ఎగతాళి చేసేవాళ్ళు చేశారు గానీ నేను చెయ్యలేదు. పెద్దలు ఏదీ ఊరికే అనరు. పథకం పేరు ‘ఇంటింటా బుడగ’. పులుస్తున్న బీరులోంచి బుడగలు పైకి వస్తాయి కదా, ఆ బుడగే ప్రగతికి సంకేతమని ప్రారంభోత్సవ సభలో చెప్పారు. పథకాన్ని నడపడానికి గృహ పానీయోత్పత్తి ప్రోత్సాహక మండలి అని ఒకటి వెలిసింది. దానికి సంచాలకులు, ఉపసంచాలకులు, స్థల పరిశీలకులు, జీపులు, జీపుల మీద బుడగ బొమ్మలు అన్నీ వచ్చేశాయి. ఇక బీరు రావడమే తరువాయి.

నేను పార్శిల్ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాని. అంతకుముందు మా ఆఫీసులో టీ తాగుతూ క్రికెట్ గురించి మాట్లాడుకునేవాళ్ళం. పథకం వచ్చాక మాల్టు గురించి మాట్లాడుకోవడం మొదలైంది. మా గోడౌన్ సూపర్‌వైజర్ ఇమ్మానుయేలు రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, మరాడించి, వాటితో బీరు కాచాడట. దాని రంగు గురించి అరగంట చెప్పి, “ఏంటోయ్, నువ్వింకా షాపులో కొనుక్కునే తాగుతున్నావా?” అని జాలిగా అడిగాడు. నేను తాగేది ఏ పండక్కో పబ్బానికో, అదీ ఇమ్మానుయేలు ఇంట్లో, వాడి సీసాలోంచి. అయినా పౌరుషం పొడుచుకొచ్చింది.

చిక్కల్లా జాగా. మాది సింగిల్ బెడ్‌రూం ఫ్లాటు. అందులో నేను, మా ఆవిడ విశాలాక్షి, మా అత్తగారు పేరిందేవమ్మగారు ఉంటాం. ఫ్రిజ్ హాల్లో ఉంటుంది, ఫ్రిజ్ మీద దేవుళ్ళుంటారు, బియ్యం డబ్బా మంచం కింద ఉంటుంది. చుట్టాలొస్తే మాలో ఎవరో ఒకరం బాల్కనీలోకి తప్పుకోవాలి. అలాంటి ఇంట్లో పెట్టడానికని మండలి వారు అమ్మే యంత్రం చూసొద్దామని వెళ్ళాను. నిలువెత్తు స్టీలు డ్రమ్ములు, వాటి మధ్య గొట్టాలు, మీటర్లు, చల్లబరిచే పెట్టె, అన్నీ కలిపి పాడిగేదె అంత ఉంది. అది లోపలికొస్తే మేం ముగ్గురం మెట్ల మీద కాపరం పెట్టాలి. ధర అడిగాను. చెప్పారు. మంచినీళ్ళడిగి తాగి బయటికొచ్చాను.

అయితే మండలి వారు దయగలవారు. ‘అల్పస్థల గృహాలు’ అని ఒక విభాగం పెట్టారు. మాలాంటివాళ్ళు ఇంట్లో ఉన్న సామానుతోనే బీరు కాచుకోవచ్చు. ఆ సామాను మా సొంతమేనని పరిశీలకుడు వచ్చి చూసి ఒప్పుకుంటే చాలు, లైసెన్సు వచ్చేస్తుంది.

“అసలు బీరుకి ఏం కావాలోయ్?” అన్నాడు ఇమ్మానుయేలు. “మరగబెట్టడానికో పెద్ద గిన్నె, పులియబెట్టడానికో మూతున్న డబ్బా, గాలి పోవడానికో గొట్టం. మిగతాదంతా షోకు.”

నేను ఇల్లు గాలించాను. మంచినీళ్ళ క్యాను పులియబెట్టడానికి కుదిరింది. పాత కూలర్‌లోని సన్న గొట్టం ఒక కొస క్యాను మూతకి బిగించి, రెండో కొస గ్లాసుడు నీళ్ళలో ముంచితే, లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. వడకట్టడానికి నా పెళ్ళి పంచె ఉంది. చల్లబరచడానికి బాత్‌రూంలో బకెట్టూ తడి గోనె. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి సర్దితే వాషింగ్ మెషిన్ పక్క సందులో ఇమిడిపోయాయి. పైసా ఖర్చు కాలేదు. మరగబెట్టే గిన్నె దగ్గరే బండి ఆగింది. మా ఇంట్లో గిన్నెలన్నీ ముగ్గురికి వండేవి.

అటక మీద మాత్రం ఒక పెద్ద స్టీలు గుండిగ ఉంది. పాతికమందికి పులుసు పెట్టొచ్చు. పాత దుప్పటిలో చుట్టి, తాడు కట్టి, భద్రంగా ఉంది. అది మా అత్తగారిది. ఆవిడ ఆ వారం తమ్ముడింటికి వెళ్ళారు.

“అమ్మ గుండిగ జోలికి మాత్రం పోకండి” అంది విశాలాక్షి.

“జోలికెందుకు పోతాను? కిందికి దించుతానంతే” అన్నాను.

“చెప్పేది చెప్పాను. ఆనక నన్నడక్కండి.”

నేను ముందే పెట్టిన దరఖాస్తు మీద, మర్నాడు మండలి స్థల పరిశీలకుడు త్రివిక్రమంగారు వేంచేశారు. వెనక టేపు పట్టుకునే మనిషి, లక్క కరిగించే మనిషి వచ్చారు. వాళ్ళు లోపలికి రావడానికి నేను వంటింట్లోకీ, మా ఆవిడ బాల్కనీలోకీ వెళ్ళాల్సొచ్చింది.

“గృహ వైశాల్యము మిక్కిలి స్వల్పముగా ఉన్నది. సంతోషము” అన్నారు త్రివిక్రమంగారు. తరవాత నా సామాను దగ్గర గొంతుక్కూర్చుని గొట్టం పట్టుకు చూశారు. “ఈ గొట్టము పూర్వాశ్రమమున ఏ విధిని నిర్వర్తించుచుండెను?”

“కూలర్లో ఉండేదండి.”

“శీతలానుభవము కలది. యోగ్యము.” గుండిగ మీద వేలితో కొట్టి చూశారు. “ప్రధాన పాత్ర ఇదియే కదా. ఇది మీ స్వంతమనుటకు రుజువేది?”

“మా ఇంట్లోనే ఉంది కదండీ.”

“మీ ఇంట్లో బల్లి కూడా ఉన్నది. అది మీ స్వంతమా?”

ఆయన సెల్‌ఫోను లైటు వేసి గుండిగ చుట్టూ తిరిగారు. మనవాళ్ళ సంగతి తెలిసిందే. స్టీలు గిన్నె కొంటే దాని మీద పేరు చెక్కించకుండా ఇంటికి తేరు. నలుగురి ఇళ్ళకీ వెళ్ళిన గిన్నె తిరిగి రావాలంటే అదొక్కటే దిక్కు. మామూలుగా అంచున చిన్నగా చెక్కిస్తారు. ఈ గుండిగకి మాత్రం పొట్ట మీద, వీధి చివరినుంచి చదవగలిగేట్టు, ‘వల్లూరి పేరిందేవమ్మ’ అని ఉంది.

“లభించినది” అన్నారు త్రివిక్రమంగారు తృప్తిగా. “నియమావళి ప్రకారము పరికరముపై చెక్కబడిన పేరే యజమాని పేరు. రసీదు చినుగును. సాక్షి మాట మార్చును. స్టీలు అబద్ధమాడదు. కావున లైసెన్సు శ్రీమతి పేరిందేవమ్మగారికి మంజూరగును.”

“ఆవిడ మా అత్తగారండి. ఆవిడ బీరు తాగరు.”

“లైసెన్సు తాగుటకు కాదు, కాచుటకు.”

“ఆవిడకి ఈ సంగతే తెలీదండి.”

“మండలికి తెలిసినది. చాలును.”

లక్క మనిషి గుండిగ అంచున ముద్ర వేశాడు. ఇక దాని మీద గీత పడినా నేరమేనట. సాయంత్రానికల్లా మరో మనిషి వచ్చి మా తలుపుకి రేకు పలక కొట్టి వెళ్ళాడు. పైన బుడగ బొమ్మ, కింద ‘అధీకృత గృహ బ్రూవరు: శ్రీమతి వల్లూరి పేరిందేవమ్మ’. పలక తీస్తే అదీ నేరమే. నేను దాని మీద క్యాలెండరు తగిలించాను. విశాలాక్షి వచ్చి క్యాలెండరు తీసేసింది.

“ఎన్నాళ్ళు దాస్తారు? చూడనివ్వండి” అంది.

మా అత్తగారు సంచీ పుచ్చుకుని మెట్లెక్కి వచ్చారు. తలుపు ముందు ఆగారు. కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పలక మీదున్నది అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. నేను తలుపు వెనకాల ఉన్నాను. ఆవిడ తిడితే బావుండేది. తిట్టలేదు. లోపలికొచ్చి, ముద్రతో నిలబడ్డ గుండిగ ముందు కూర్చున్నారు.

“అల్లుడుగారూ, ఈ గుండిగ నాకెలా వచ్చిందో మీకు తెలుసా?”

“తెలీదండి.”

“మీ మామగారు నా పెళ్ళి గిన్నెలన్నీ ఒక్కొక్కటే తీసుకెళ్ళి సారా కొట్లో పెట్టారు. ఆఖరికి మట్టిదాకలో వండాను. మా ఊళ్ళో ఏ ఇల్లు చూసినా అంతే. ఇలా కాదని ఆడవాళ్ళమంతా వెళ్ళి కొట్టు ముందు బైఠాయించాం. తన్నులు తిన్నాం. కొట్టు ఎత్తేశారు. అప్పుడు అందరూ కలిసి ఇది కొనిచ్చారు. ఏ తాగుబోతూ ఎత్తుకుపోయి తాకట్టు పెట్టడానికి వీల్లేకుండా ఇంతింత అక్షరాలతో నా పేరు చెక్కించారు. తాగుబోతుల్ని ఆపింది గానీ, తాగనివాళ్ళని ఆపలేకపోయింది.”

నాకు తల కొట్టేసినట్టయింది. నా సిగ్గు సంగతి అలా ఉంచితే, అసలు కష్టం ఆ మర్నాడు వచ్చింది. మండలి వారు లైసెన్సుదారుల పేర్లు పేపర్లో వేయించారు. ఆ పూటే అత్తగారి ఊరినుంచి నాగరత్నం ఫోను చేసింది. అక్కడి మహిళా సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. సంఘం వాళ్ళు పైసా పైసా పోగేసి ఒక గది కట్టుకుంటున్నారు. దానికి ‘పేరిందేవమ్మ గది’ అని పేరు పెట్టాలని ఎప్పుడో తీర్మానించారు.

“పిన్నీ, పేపర్లో పడ్డ పేరిందేవమ్మ నువ్వు కాదుగా?” అంది నాగరత్నం.

“నేనేనే.”

“నువ్వంటే మాకు తెలుసు పిన్నీ. కానీ ఊళ్ళో మగాళ్ళు నవ్వుతున్నారు. అప్పుడు మా కొట్టు మూయించి ఇప్పుడు ఆవిడే కొట్టు పెట్టిందంటన్నారు. ఈ సంగతి తేలేదాకా రాయి చెక్కే ఆయన్ని ఆగమంటాం. ఏమనుకోకు.”

మా అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. “నా పేరు తీయించండి అల్లుడుగారూ. నాకింకేం వద్దు” అన్నారు.

నేను సెలవు పెట్టి మండలి ఆఫీసుకి పరిగెత్తాను. అక్కడ పేరు సవరణల కిటికీ అని ఒకటుంది. దాని వెనకాల ఉన్నాయన నా గోడంతా విని, “గుండిగ మీద పేరు మార్చుకు రండి, ఇక్కడా మార్చేస్తాం” అన్నాడు.

“గుండిగకి మీ ముద్ర ఉంది కదండీ. ముట్టుకుంటే నేరమంటున్నారు.”

“అవును, ముట్టుకోకూడదు.”

“మరెలా మార్చాలి?”

“ముట్టుకోకుండా మార్చాలి.”

“పోనీ బ్రూవరీ మూసేస్తామండి.”

“నడుస్తున్నదాన్ని మూయగలం గానీ మొదలవనిదాన్ని ఎలా మూస్తాం? ముందు ఆవిణ్ణి బీరు కాయమనండి. మావాళ్ళొచ్చి బుడగ చూస్తారు. అప్పుడు దర్జాగా మూసుకోండి.”

“ఆవిడ బీరు కాయరని రుజువు చెయ్యడానికి ఆవిడ చేతే బీరు కాయించాలా?”

“మూయడానికే కదండీ కాచేది. అందులో తప్పేముంది?”

ఇంటికొచ్చి చెప్పాను. అత్తగారు చీర మార్చుకుని, “పదండి, నేనే వస్తాను” అన్నారు.

ఈసారి ఆవిడ సవరణల కిటికీకి వెళ్ళలేదు. పక్కన ఫిర్యాదుల బల్ల ముందు నిలబడ్డారు. “బీరు కాచేవాళ్ళ మీద ఫిర్యాదు తీసుకుంటారా బాబూ?”

“తప్పక స్వీకరింతుము. ఎవరిపై?” అన్నాడు ఆ ఉద్యోగి తలెత్తకుండా.

“వల్లూరి పేరిందేవమ్మ మీద.”

“ఫిర్యాదిదారు పేరు?”

“వల్లూరి పేరిందేవమ్మ.”

అతను అప్పటికీ తలెత్తలేదు. “ఉభయులకూ బంధుత్వమేమైనా ఉన్నదా?”

“దగ్గర బంధువులమే బాబూ.”

“దగ్గర బంధువుల తగాదాలు మాకు అలవాటే” అని రాసుకున్నాడు.

ఫిర్యాదు మీద మండలి పని అంత చురుగ్గా జరుగుతుందనుకోలేదు. ఆ వారంలోనే మా అత్తగారికి నోటీసు వచ్చింది. ఒక వృద్ధురాలు తమపై ఫిర్యాదు చేసియున్నారనీ, విచారణ పూర్తియగు వరకు సదరు వృద్ధురాలిని కలుసుకొనుట, బెదిరించుట, ఆమె నివాస పరిసరములలో సంచరించుట నిషిద్ధమనీ అందులో ఉంది.

“అమ్మని ఎక్కడుండమంటారు ఇప్పుడు?” అంది విశాలాక్షి.

“ఎవరికి ఎవరు దూరంగా ఉండాలో వాళ్ళనే వచ్చి చూపించమను” అన్నారు అత్తగారు, చిక్కుళ్ళు ఈనె తీసుకుంటూ.

విచారణ సంచాలకుల గదిలో జరిగింది. సంచాలకులు భుజంగరావుగారు నిండైన మనిషి. ఈ పథకానికి నియమావళి అంతా ఆయనే స్వహస్తాలతో రాశారట. ఆయన బల్లకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ వేయించారు.

“ఫిర్యాదిదారు వామపార్శ్వమునను, ప్రతివాది దక్షిణపార్శ్వమునను ఆసీనులు కాగలరు” అన్నారు.

“నేనొక్కదాన్నే బాబూ.”

“అది మీ సౌకర్యము. మండలి దృష్టిలో మీరిరువురు. ఫిర్యాదిదారు పలుకునప్పుడు ప్రతివాది మౌనము వహించవలెను. ప్రతివాది సమాధానమిచ్చునప్పుడు ఫిర్యాదిదారు ఆవేశపడరాదు.”

అత్తగారు ఎడమ కుర్చీలో కూర్చుని ఉన్నదంతా చెప్పారు. సారా కొట్టు చెప్పారు, గుండిగ చెప్పారు, ఊరి గది చెప్పారు. “నాకు ఆస్తుల్లేవు బాబూ. పేరొక్కటుంది. అది తీసుకెళ్ళి మీరు సారా బోర్డు మీద పెట్టారు. తీసెయ్యండి” అన్నారు.

భుజంగరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు. తరవాత ఖాళీగా ఉన్న కుడి కుర్చీ వైపు తిరిగి, “దీనికి మీ సమాధానమేమి?” అని అడిగారు.

అత్తగారు లేవలేదు. “ఆవిడ చెప్పింది నిజమే” అన్నారు కూర్చున్నచోటునుంచే.

“ప్రతివాది తన స్థానమునుండి పలుకవలెను.”

“మోకాళ్ళ నొప్పులు బాబూ. అటూ ఇటూ తిరగలేను. మీరే తల తిప్పుకోండి.”

ఆయన ఆ రోజంతా తల తిప్పారు. తీర్పు పోస్టులో వచ్చింది. ఫిర్యాదిదారు ఆవేదన మిక్కిలి శ్లాఘనీయము. ప్రతివాది ఒక్క చుక్క కూడా కాచియుండలేదు కనుక ఆమె దోషము లేదు. ఉభయపక్షములు ఒకే గృహమున నివసించుచున్నందున సామరస్యముగా పరిష్కరించుకొనవలెను. లైసెన్సు కొనసాగును.

అంతటితో ఆగితే మండలి ఎందుకవుతుంది? విచారణ పుణ్యమా అని మా ఇంటి రికార్డు పైవాళ్ళ కంట్లో పడింది. తక్కిన అల్పస్థల బ్రూవర్ల మీద ఫిర్యాదులు గుట్టలుగా ఉన్నాయి. ఒకరింట్లో సీసాలు పేలాయి. ఇంకొకరి వాసనకి పై అంతస్తువాళ్ళు ఖాళీ చేశారు. ఇమ్మానుయేలు క్యాను పొంగి కింది ఫ్లాటు దేవుడి గదిలోకి కారింది. పేరిందేవమ్మగారి బ్రూవరీ ఒక్కటే వాసన లేకుండా, చప్పుడు లేకుండా, పొంగకుండా, చెంచాడు జాగాలో నడుస్తోంది. ఆవిణ్ణి ‘ఉత్తమ అల్పస్థల బ్రూవరు’గా ఎన్నుకున్నారు.

ఆ కబురు త్రివిక్రమంగారే తెచ్చారు. విశాలాక్షి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఇప్పుడు ఫొటో కూడా వేస్తారు. ఊళ్ళో మన మొహం ఎవరు చూస్తారు? ఏ బహుమతీ వద్దని చెప్పమ్మా.”

“బహుమతి ఏమిస్తారు బాబూ?” అని అడిగారు అత్తగారు.

“పథక స్ఫూర్తికి అనుగుణముగా స్టీలు గుండిగ.”

“మీద పేరు చెక్కిస్తారా?”

“చెక్కించకుందుమా? సంచాలకుల వారి పేరు. విజేతలందరికీ ఒకేసారి చేయించుటచే వారి పేరొక్కటే వేయించితిమి. నమూనా చూసి, అక్షరములు మరింత పెద్దవిగా ఉండవలెనని వారే సెలవిచ్చిరి.”

అత్తగారు విశాలాక్షి వైపు తిరిగారు. “అయితే వెళ్దాం” అన్నారు.

సభ ఘనంగా జరిగింది. భుజంగరావుగారు అత్తగారి చేతుల్లో గుండిగ పెట్టి, అక్షరాలు కెమెరా వైపుకి తిప్పి నవ్వారు. ‘బహూకరణ: శ్రీ కొమ్మూరు భుజంగరావు, సంచాలకులు’ అని దాని పొట్ట నిండా ఉంది. అత్తగారు దాన్ని చదువుకుని, ఆయనకి నమస్కారం పెట్టి దిగొచ్చారు. ఇంటికి రాగానే త్రివిక్రమంగారికి కబురు పెట్టమన్నారు. పాత గుండిగ తీసేసి, ఇకమీదట ఈ కొత్తదాన్నే ప్రధాన పాత్రగా వాడతామని చెప్పించారు.

త్రివిక్రమంగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. “పరికర నవీకరణ. జిల్లాలో ఇదే ప్రథమము” అంటూ లక్క మనిషితో వచ్చారు. పాత గుండిగ ముద్ర ఊడదీయించారు. అత్తగారు దాన్ని వెంటనే పమిటతో తుడిచి, తన మంచం మీద పెట్టుకున్నారు. త్రివిక్రమంగారు లైటు వేసి కొత్త గుండిగ మీద అక్షరాలు చదివారు. చదివాక లైటు ఆర్పలేదు, అలాగే వంగి ఉండిపోయారు.

“అమ్మా, ఇది బహుమతి. బహూకరించినది వారు, స్వీకరించినది మీరు...”

“మీద నా పేరుందా బాబూ?”

“లేదు.”

“ఎవరి పేరుంది?”

ఆయన చెమట తుడుచుకున్నారు.

“స్టీలు అబద్ధమాడదని మా అల్లుడుగారికి మీరే చెప్పారట. రాయండి” అన్నారు అత్తగారు.

ఆయన్ని తప్పుపట్టను. నియమాన్ని కన్నబిడ్డలా చూసుకునే మనిషి. లైసెన్సు సంచాలకుల పేరిటే రాశారు. ఆ తరవాత ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేకపోయింది. మండలి దానంతటదే నడిచింది. పలకలు కొట్టే మనిషి వచ్చి మా తలుపు మీది రేకు పీకేసి, కొత్త లైసెన్సుదారు బంగళా గేటుకి కొత్త రేకు కొట్టాడు. ‘అధీకృత గృహ బ్రూవరు: శ్రీ కొమ్మూరు భుజంగరావు.’ బంగళా విశాలమైనది కనుక అల్పస్థల రాయితీ వర్తించదని తేలింది. పాడిగేదె అంత యంత్రం లారీలో వెళ్ళి ఆయన హాల్లో దిగింది, సోఫాలు వరండాలోకి వచ్చాయి. పేపర్లో పేరు పడింది. మండలి యంత్రం వాడకుండా ఉంచితే దాన్ని నిద్రాణ పరికరమంటారనీ, దానికి జరిమానా ఉందనీ ఆయన ఆఫీసునుంచి ఆయనకే నోటీసు వెళ్ళింది. దాని మీద సంతకం ఆయనదే.

ఒక ఆదివారం పొద్దున భుజంగరావుగారు మా ఇంటికి వచ్చారు. ఆయనకి కుర్చీ వెయ్యడానికి నేను బాల్కనీలోకి వెళ్ళాను. ఆయన నోట గ్రాంథికం రాలేదు.

“అమ్మా, నా పేరు తీసెయ్యండమ్మా. మా అమ్మకి తొంభై ఏళ్ళు దాటాయి. గేటు మీద ఆ రేకు చదివించుకుని అప్పట్నుంచి అన్నం మానేసింది. కొడుకు సారా వ్యాపారం పెట్టాడని ఒకటే ఏడుపు.”

“మీ ఆఫీసులో అడగలేకపోయారా?”

“అడిగానమ్మా. గుండిగ మీద మార్చుకు రమ్మన్నారు. లేదంటే నా మీద నేనే ఫిర్యాదు పెట్టుకోవాలట. విచారణ కూడా నేనే చెయ్యాలట.”

బాల్కనీలో నాకు నవ్వొచ్చింది. అత్తగారు నవ్వలేదు. “అమ్మగారు ఏమైనా తాగుతున్నారా మరి?” అని అడిగారు.

“మజ్జిగ తాగుతోందమ్మా.”

“నా పేరు పేపర్లో చూసిన రోజు నేనూ అన్నం తినలేదు. మీ దగ్గరికొచ్చి ఇదే ముక్క అడిగాను. మీరు నన్ను రెండు కుర్చీల్లో కూర్చోమన్నారు.”

ఆయన తల దించుకున్నారు. “నియమం అలా ఉందమ్మా.”

“నియమం రాసిందెవరు?”

“నేనే.”

“మరి నన్నడుగుతారేంటి బాబూ? మీరు రాసిందే కదా, మీరే కొట్టెయ్యండి. ముందింటికెళ్ళి మీ అమ్మ చేత నాలుగు మెతుకులు తినిపించండి.” విశాలాక్షి తెచ్చిన కాఫీ తాగి ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు ఆఫీసు తెరవగానే ఉత్తర్వు వచ్చింది. పరికరములపై చెక్కబడిన పేర్లను ఇకపై రుజువుగా పరిగణించరాదు, ఈ ఉత్తర్వు పథకము ఆరంభమైన నాటినుండియే అమలైనట్లు భావింపవలెను. అంటే మా అత్తగారికి లైసెన్సు ఎప్పుడూ రానేలేదన్నమాట. పేపర్లో సవరణ కూడా వేశారు. నేను సంబరంగా చదివి వినిపించాను. ఆవిడ మొహంలో నేననుకున్నంత సంతోషం లేదు.

“నా పేరు తియ్యడానికి దారే లేదన్నారు” అన్నారు. “ఆయన పేరు తియ్యడానికి ఒక్క పూట పట్టింది.”

అంతలో నాగరత్నం ఫోను చేసింది. వాళ్ళూ పేపరు చూశారు.

“పిన్నీ, రాయి చెక్కే ఆయన్ని పిలిపించేశాం. ఇంటిపేరు కూడా వేయించమంటావా?”

“నా పేరొద్దే” అన్నారు అత్తగారు. “‘ఊరి ఆడవాళ్ళు’ అని చెక్కించండి.”

“అదేంటి పిన్నీ? ఇంత తిప్పలు పడింది ఆ పేరు కోసమేగా?”

“అందుకే చెప్తున్నా. ఒక్కదాని పేరైతే ఎవడైనా ఎత్తుకుపోయి ఎక్కడైనా మేకులేసి కొట్టేస్తాడు. అందరిదీ అయితే ముట్టుకోడానికి జంకుతారు.”

నాగరత్నం ఒప్పుకోలేదు. ఆ కొట్టు ముందు మొదట కూర్చున్నది నువ్వే కదా అంది. నిన్ను ఒదిలేసి గది కట్టుకున్నామంటే మాకే తలవంపులంది. చివరికి “మరి నీ పేరు ఎక్కడా ఉండదు కదా పిన్నీ?” అంది.

“అందులో నేను లేనా ఏంటే?” అన్నారు మా అత్తగారు.